ముందు పెళ్లి బోర్డుల షాపుకి వెళ్లు

ప్రశ్న: సార్, నమస్తే. మాది హనుమకొండ. మా బాపుకి ములుగు రోడ్డులో చిన్న లేత్ షాపు ఉంది. రెండు లేత్‌లు, ఒక షేపర్, ఒక డ్రిల్లింగ్ మిషన్. ఎక్కువగా రైస్ మిల్లుల పనే వస్తుంది: పుల్లీలు, బేరింగ్ హౌసింగులు, బ్లోయర్ ఇంపెల్లర్లు (గాలి తోసే రెక్కల చక్రాలు). లోహం కరిగించి పోసే పోతకు ముందు ఇసుకలో అచ్చు తీయడానికి పెట్టే చెక్క నమూనాలు, అంటే పాటర్న్‌లు, కూడా బాపే చేస్తాడు. నేను పోయినేడు బీటెక్ మెకానికల్ పూర్తి చేశాను. ఈ మధ్య హైదరాబాద్‌లో ఒక ఎగ్జిబిషన్‌లో నైలాన్ పొడిని లేజర్‌తో పొరలు పొరలుగా కరిగించి వస్తువులు తయారు చేసే మిషన్ చూశాను. 24 లక్షలు చెప్పారు, లోను కూడా వాళ్లే ఇప్పిస్తారట. బాపు మాత్రం "లేజర్ లేదు గీజర్ లేదు, మన షాపుల కరెంటే సక్కగ ఉండది" అంటున్నాడు. కొంటే నడుస్తుందా? పెంబర్తిలో ఇత్తడి పని చేసే మా మేనమామ కూడా, ఇలాంటి మిషన్‌తో విగ్రహాలు నేరుగా ఇత్తడిలోనే తీయొచ్చా అని అడుగుతున్నాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ, టెన్షన్‌గా ఉంది. కాస్త తొందరగా చెప్పండి.
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు:

అమ్మా, ఇప్పుడైతే కొనకు. లోను వాళ్లే ఇప్పిస్తామన్నారంటే ఇంకా కొనకు.

బాపు మాటను గొడవలా తీసుకున్నావు గానీ, ఆయన అడిగిన కరెంటు ప్రశ్న ఆ స్టాల్లో నువ్వు అడగాల్సింది. లెక్క వేసి చూద్దాం. ఆ మిషన్ ఒక్కో పొర మందం సుమారు 0.1 మిల్లీమీటరు. 200 మిల్లీమీటర్ల ఎత్తు పని పెడితే 2,000 పొరలు. పొడి పరవడం, లేజర్ గీయడం కలిపి పొరకు 25 సెకన్లు వేసుకున్నా దాదాపు 14 గంటలు. పదకొండో గంటలో కరెంటు పోయిందనుకో. పొడి చల్లబడుతుంది, అప్పటిదాకా కట్టిన ముక్కలు లోపలే వంకర పోతాయి. పొయ్యి మీద పాలలాగా మళ్లీ వెలిగిస్తే సరిపోయే పని కాదది. మంచి యూపీఎస్ పెట్టుకోవాలి, దాని ఖర్చు ఆ 24 లక్షల్లో ఉండదు.

పాల మాట వచ్చింది కాబట్టి అసలు సంగతి కూడా దాంతోనే చెప్తా. చాలామంది ఆ మిషన్లో లేజరే అంతా కరిగిస్తుందనుకుంటారు. నైలాన్ 12 కరిగేది సుమారు 180 డిగ్రీల దగ్గర. మిషన్ ముందే హీటర్లతో పొడినంతా దానికి ఓ పది డిగ్రీలు తక్కువలో నిలబెడుతుంది, పొంగడానికి సిద్ధంగా ఉన్న పాలలాగా. లేజర్ వచ్చి ఆ చివరి కాస్త వేడి మాత్రం ఇస్తుంది, అది కూడా ముక్క ఉండాల్సిన చోటే. మిగతా పొడి పొడిగానే ఉండి చుట్టూ ఆసరాగా నిలుస్తుంది, అందుకే ఈ పద్ధతిలో సపోర్టులు కట్టక్కర్లేదు. దాని గొప్పతనమంతా అక్కడే ఉంది, ఇబ్బంది కూడా అక్కడే.

ఆ ఇబ్బంది ఏంటో నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కింద నేను పనిచేసిన ఒక టూల్ రూమ్‌లో రాత్రంతా ఆ మిషన్ నడిచింది. పొద్దున్నే పార్టీ వచ్చి గేటు దగ్గర కూర్చున్నాడు. ఎంతసేపు నడిచిందో దాదాపు అంతసేపు మూత పెట్టి చల్లారనివ్వాలని తెలుసు. తెలిసీ, ఆయన ముఖం చూసి రెండు గంటలకే తీయించాను. పొడి ముద్ద కేకులా వచ్చింది, బ్రష్‌తో దులిపితే లోపలి నుంచి ముక్కలు చక్కగానే బయటపడ్డాయి. బల్ల మీద పెట్టి టీ తాగి వచ్చేసరికి పల్చటి ముక్కలన్నీ నూనెలో వేసిన అప్పడాల్లా అంచులు లేపుకున్నాయి. పన్నెండు ముక్కల్లో మూడు పనికొచ్చాయి. పార్టీకి మాత్రం "రేపు రండి" అనే చెప్పాను, మొదటే చెప్పాల్సిన మాట.

ఇక పొడి. కరగని పొడిని పారేయక్కర్లేదు, నిజమే. కానీ అన్ని గంటలు వేడిలో ఉన్నాక దాని గుణం మారుతుంది. ప్రతిసారీ మిషన్‌ను బట్టి మూడో వంతు నుంచి సగం దాకా కొత్త పొడి కలపాలి. కలపకపోతే ముక్క పైభాగం నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా వస్తుంది. చిన్న ముక్క ఒకటి చేసినా దాని ఎత్తు దాకా తొట్టి అంతటా పొడి పరవాల్సిందే. అంటే రోజూ తొట్టి నిండేంత ఆర్డర్లు ఉండాలి. మీ షాపుకి వచ్చేది రైస్ మిల్లు పని. వడ్ల పొట్టులో ఇసుకలాంటి సిలికా ఎక్కువ, ఇనుమునే అరగదీస్తుంది. నైలాన్ ఇంపెల్లర్‌ను ఆ దుమ్ములో తిప్పితే ఎన్నాళ్లు ఉంటుందో బాపుని అడుగు, నాకంటే బాగా చెప్తాడు.

ఇప్పుడు ఒక తమాషా విను. ఈ నైలాన్ పొడి పద్ధతిని కనిపెట్టింది కార్ల్ డెకార్డ్ అనే అమెరికా కుర్రాడు, టెక్సస్ విశ్వవిద్యాలయం విద్యార్థి. 1981 వేసవిలో అతను హ్యూస్టన్‌లో ఒక మెషిన్ షాపులో పనికి కుదిరాడు. అచ్చం మీలాంటి షాపే అనుకో, వాళ్లకు వచ్చేది చమురు బావుల పని. అక్కడ పోతకు పాటర్న్‌లు చేతితో చేయడానికి ఎంత సమయం పోతుందో చూశాడు. కంప్యూటర్లో ఉన్న బొమ్మ నుంచి పాటర్న్ నేరుగా వస్తే ఎంత బాగుండు అనుకున్నాడు. ఆ ఆలోచనే తర్వాత జో బీమన్ అనే ప్రొఫెసర్ దగ్గర పరిశోధనగా మారింది. అంటే ఆ 24 లక్షల మిషన్ పుట్టిందే మీ బాపు రోజూ చేసే పని కోసం. మీ ఇంట్లో సమస్య ఉంది, దానికి కావలసిన కంప్యూటర్ డ్రాయింగు చదువూ నీకుంది. మధ్యలో లేజర్ ఒక్కటే లేదు. అది కూడా హనుమకొండలోనే అద్దెకు దొరుకుతుంది.

పెళ్లి ఇళ్ల ముందు పెట్టే పేర్ల బోర్డులు, యాక్రిలిక్ అక్షరాలు కోసే షాపులు చూసే ఉంటావు. అక్కడ ఉండేది కార్బన్ డయాక్సైడ్ లేజర్. ఎగ్జిబిషన్‌లో నువ్వు చూసిన మిషన్లలో కూడా ఎక్కువగా వాడేది ఆ జాతి లేజరే. ఆ కాంతి తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు, ప్లాస్టిక్, చెక్క, కాగితం దాన్ని బాగా పీల్చుకుంటాయి. అమెరికాలో హెలిసిస్ అనే కంపెనీ 1990ల మొదట్లో ఇదే లేజర్‌తో జిగురు కాగితాలను పొర మీద పొరగా అంటిస్తూ, కోస్తూ చెక్కలాంటి నమూనాలు చేసింది. ఇప్పుడు ఆ మిషన్లు దాదాపు కనుమరుగైపోయాయి. కానీ ఆ ఉపాయానికి ఏం కాలేదు. నువ్వు చేయాల్సింది అదే, కాగితం బదులు 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన) షీటుతో.

బ్లోయర్ ఇంపెల్లర్ తీసుకుందాం. పూర్తయ్యాక బయటి వ్యాసం 300, ఎత్తు 60 మిల్లీమీటర్లు ఉండాలనుకో. పోత ఇనుము చల్లారేటప్పుడు సుమారు ఒక శాతం ముడుచుకుంటుంది, అందుకే పాటర్న్ 303 ఉండాలి. బాపు దగ్గర కాంట్రాక్షన్ స్కేలు ఉంటుంది, మామూలు స్కేలు కంటే కాస్త పొడుగు గీతలది. ఆయన ఆ స్కేలుతో గీస్తాడు, నువ్వు కంప్యూటర్లో 1.01తో గుణిస్తావు. లేత్ మీద తీయాల్సిన చోట్ల మిషనింగ్‌కి ఎంత వదలాలో ఆయన్నే చెప్పమను, పుస్తకం చూడకు. ఆ మోడల్‌ను అడ్డంగా 3 మిల్లీమీటర్ల చొప్పున కోస్తే సుమారు 20 పొరలు. ఒక్కో పొరను డీఎక్స్ఎఫ్ ఫైలుగా, అంటే లేజర్ మిషన్ చదివే గీతల డ్రాయింగుగా, తీసి షాపులో ఇవ్వు.

మీ కాలేజీలో చెప్పి ఉండని ఒక చిన్న కిటుకు ఉంది. ఇసుకలోంచి పాటర్న్ ఊడి రావాలంటే బ్లేడ్లకు టేపర్, అంటే కాస్త వాలు, కావాలి. చెక్క మీద బాపు దాన్ని చిత్రిక పట్టి తెస్తాడు. పొరల్లో అయితే ముందే కోయించుకోవచ్చు. ఒకటిన్నర డిగ్రీల టేపర్‌కి 3 మిల్లీమీటర్ల పొరకు ఒక్కో వైపు 0.08 మిల్లీమీటర్లు తగ్గుతూ పోవాలి. వెనక ప్లేటు దగ్గర బ్లేడు లావుగా, పైకి పోయే కొద్దీ సన్నగా. ఇరవై పొరలకు కలిపి ఒక్కో వైపు ఒకటిన్నర మిల్లీమీటరు పైన. ఈ మెట్లు ఎంత చిన్నవంటే కాస్త ఎమరీ పేపరు, కాస్త పుట్టీ చాలు.

ప్రతి పొరలో ఒకే చోట 6 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు పెట్టు, డోవెల్ పిన్ దూర్చి పొరలు కలుపుకోవడానికి. లేజర్ పవర్ తగ్గించి ప్రతి పొర మీద దాని నంబరు కూడా గీయించు. నేను ఒకసారి నంబర్లు లేకుండా తెచ్చుకుని, ఒకేలా కనబడే ముక్కలు కింద పరుచుకుని మధ్యాహ్నమంతా సన్న కొలతలు తీసే వెర్నియర్‌తో కూర్చున్నాను. ఫెవికాల్ పల్చగా రాయాలి. ఎక్కువైతే ఎండీఎఫ్ తడి పీల్చి ఉబ్బుతుంది. పైన లేత్ చక్ ఒకటి బరువు పెట్టి తెల్లారిదాకా వదిలేయాలి. అంచులు నల్లగా మాడి వస్తాయి, ఆ మసి ఎమరీతో పోయేదాకా రుద్ది, తర్వాతే పుట్టీ, దాని మీద రెండు పూతలు లాకర్ అనే వార్నిష్. లాకర్ వేయకుండా తడి ఇసుకలో పెడితే రెండో ఇసుక అచ్చుకే పొరలు పొట్టు పొట్టుగా లేస్తాయి.

ఒక జాగ్రత్త. షాపతను ఖర్చు తగ్గుతుందని పీవీసీ షీటు చూపిస్తే వద్దను. లేజర్ తగిలితే అందులోంచి హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన ఆమ్ల వాయువు వస్తుంది. మనిషి ఊపిరితిత్తులకూ, అతని మిషన్‌కూ చేటే. ఆ మిషన్ తలుపు తెరిచి పెట్టి నడుపుతుంటే పక్కన నిలబడి చూడకు కూడా.

వడ్లు దిగే సీజన్లో మిల్లు ఆగిందంటే యజమాని గంటకోసారి ఫోన్ చేస్తాడు, నీకు తెలియంది కాదు. చెక్క పాటర్న్‌కి బాపుకి నాలుగైదు రోజులు పట్టేచోట ఇది రెండు రోజుల్లో ఫౌండ్రీకి పోతుంది. ర్యాపిడ్ ప్రోటోటైపింగ్ (నమూనాలను త్వరగా తయారు చేయడం) అనే పెద్ద మాటకు మీ షాపులో అర్థం ఆ మిగిలిన రోజులే.

మేనమామ సంగతికి వద్దాం. ఇత్తడిని నేరుగా లేజర్‌తో పోయడం ఆయన అనుకున్నంత తేలిక కాదు. నువ్వు చూసిన నైలాన్ మిషన్ ఎలాగూ లోహాన్ని కరిగించలేదు. లోహపు పొడి మిషన్లు వేరు, వాటిలో ఉండేది ఫైబర్ లేజర్, తరంగదైర్ఘ్యం ఒక మైక్రాన్‌కి కాస్త ఎక్కువ. స్టీలు, టైటానియం దాన్ని పీల్చుకుంటాయి. రాగి, వెండి, బంగారం మాత్రం చాలా భాగం అద్దంలా తిప్పికొడతాయి. అందుకే రాగి కోసం ఆకుపచ్చ లేజర్లు తెచ్చారు. కరీంనగర్ వెండి తీగ పనివాళ్లు అడిగినా నా జవాబు ఇదే. రాగే ఎక్కువగా ఉండే ఇత్తడికి ఇంకో తంటా కూడా ఉంది. అందులో జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది, ఇత్తడి కరిగేది కూడా ఆ దగ్గర్లోనే. లేజర్ తగిలిన చోట వేడి అంతకంటే చాలా ఎక్కువకు పోతుంది కాబట్టి జింకు పొగై లేచిపోతుంది. ముక్కలో బుడగలు, మిషన్ లేజర్ అద్దాల మీద మసి. అయినా పెంబర్తి అంటేనే రేకు మీద సుత్తీ ఉలీ చేసే పని కదా, అది మిషన్‌తో ఎందుకో నాకర్థం కాలేదు. పోత విగ్రహాలైతే సరే, మాట్లాడుకోవచ్చు.

దానికి దారి మన ఆదిలాబాద్ డోక్రా పనివాళ్లు ఎప్పటి నుంచో చూపిస్తున్నారు. మట్టి ముద్ద మీద మైనం తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి, కాల్చి మైనం కారిపోయాక ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. ఆ మైనం బొమ్మ స్థానంలో రెసిన్ బొమ్మ పెట్టాలి. రెసిన్ అంటే వెలుగు తగిలితే గట్టిపడే ద్రవం. దంతాల డాక్టరు పన్ను పూడ్చి నీలి లైటు పట్టడం చూశావా, అదే జాతి పని. చక్ హల్ అనే ఆయన టేబుళ్ల పైపూతను అతినీలలోహిత దీపంతో గట్టిపరిచే కంపెనీలో పనిచేస్తూ ఈ ఉపాయం పట్టాడు. 1983లో ఒక చిన్న కప్పు చేశాడు, 1986లో పేటెంట్ వచ్చింది. ర్యాపిడ్ ప్రోటోటైపింగ్ వ్యాపారంగా మొదలైంది అక్కడి నుంచే. పెద్ద రెసిన్ మిషన్లలో ఇప్పటికీ అతినీలలోహిత లేజరే గీస్తుంది. కానీ చిన్న సైజు విగ్రహాలకు అది అవసరం లేదు. ఎల్‌సీడీ తెరతో పొర మొత్తాన్ని ఒకేసారి వెలిగించే మిషన్లు ముప్పై నలభై వేలకే వస్తున్నాయి. తొట్టిలో ఒక విగ్రహం పెట్టినా ఆరు పెట్టినా పొరకు పట్టే సమయం ఒకటే. లేజర్ అయితే ప్రతి గీతా గీస్తూ పోవాలి.

మామయ్యకు చెప్పాల్సిన ముఖ్యమైన మాట ఇంకోటుంది: మామూలు రెసిన్ మైనంలా కరిగి కారదు. వేడికి ముందు ఉబ్బుతుంది, తర్వాత కాలుతుంది. ఆ ఉబ్బుకే చుట్టూ ఉన్న పెంకు నెర్రెలు బారుతుంది. అందుకని మైనం కలిపిన కాస్టింగ్ రెసిన్ అడగాలి, లోపల డొల్లగా తీయాలి, వేడి నెమ్మదిగా పెంచాలి. గట్టిపడని రెసిన్ చేతికి తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి. గ్లవ్స్ లేకుండా ముట్టొద్దు, కడిగిన ద్రవం మోరీలో పోయొద్దు. ముందు హైదరాబాద్‌లో ఎవరిచేతనైనా రెండు బొమ్మలు తీయించుకుని పోసి చూడమను. మిషన్ సంగతి తర్వాత.

లోహపు పొడిని లేజర్‌తో కరిగించే మిషన్ల గురించి నువ్వు అడగలేదు. రేపు ఎవరో ఒకరు నీ చెవిన వేస్తారు కాబట్టి చెప్తున్నా. అవి కోట్లలో ఉంటాయి. ఆర్గాన్ గ్యాస్ నింపిన గదిలో, 15 నుంచి 45 మైక్రాన్ల సన్నటి పొడి. అల్యూమినియం, టైటానియం పొడి గాల్లో లేస్తే నిప్పురవ్వకే పేలుతుంది. అంత ఖర్చు ఎవరికి గిట్టుబాటు? ఇస్రో 2024 మే 9న పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ ఇంజిన్‌ను అలా తీసి 665 సెకన్లు మండించి చూసింది. 14 భాగాలు ఒక్కటయ్యాయి, 19 వెల్డింగులు పోయాయి, 565 కిలోల ముడిసరుకు పట్టే చోట 13.7 కిలోల పొడి సరిపోయింది. వాళ్లకు గిట్టుతుంది. ఇంకో మాట, అలా తీసిన ముక్కను కూడా ప్లేటు మీది నుంచి వైర్‌కట్‌తో (కరెంటు పారే సన్న తీగతో) కోసి, వేడి చేసి లోపలి బిగువు పోగొట్టి, కొలత కావలసిన చోట మళ్లీ లేత్ మీదో మిల్లింగ్ మీదో పెట్టాల్సిందే. మీ బాపుకి పని పోతుందని భయపడుతుంటే ఈ ముక్క చదివి వినిపించు.

నిజానికి లేజర్ పొరల పనుల్లో మన వైపుకి పనికొచ్చేది నాకు ఇంకోటి కనిపిస్తుంది. అరిగిన షాఫ్టు మీద లోహపు పొడిని చల్లుతూ లేజర్‌తో కరిగించి మళ్లీ పొర కట్టడం. దాన్ని క్లాడింగ్ అంటారు. గోదావరిఖని గనులు, రామగుండం కరెంటు ప్లాంటు ఉన్న ప్రాంతంలో అరిగే షాఫ్టులకు కొదవేముంది? ఆర్క్ వెల్డింగ్‌తో నింపితే షాఫ్టు వంగే చోట, లేజర్ వేడి సన్నగా ఉండడం వల్ల వంపు తక్కువ. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థలో లేజర్ క్లాడింగ్ మీద ఏళ్లుగా పని జరుగుతోంది. ఇది కూడా ఇప్పుడు నువ్వు కొనే సామాను కాదు. కానీ ఉద్యోగం వెతుక్కోవాలనిపిస్తే ఆ వైపు చూడు, రెండేళ్లు అక్కడ చేయి తిరిగితే షాపుకి ఏం తేవాలో నీకే తెలుస్తుంది.

నైలాన్ మిషన్ మీద మనసు ఇంకా పోకపోతే ఇలా చెయ్యి. కాజీపేటలో పొద్దున రైలెక్కి హైదరాబాద్ రాయదుర్గంలోని టీ-వర్క్స్‌కి ఒకసారి వెళ్లి చూసి రా. నమూనాలు చేసుకునేవాళ్ల కోసమే 2023లో పెట్టారు దాన్ని. నీ ఫైలు ఇచ్చి ఎక్కడైనా డబ్బులకు తీయించుకో. ఆరు నెలలు ఒక నోటుబుక్కులో రాస్తూ పో: ఎన్ని ముక్కలు, ఎవరడిగారు, ఎంతిచ్చారు, ఎన్నిసార్లు మళ్లీ తీయించావు. ఆ బిల్లులు నెలకు లోను కిస్తీని దాటినప్పుడు నాకు మళ్లీ రాయి, అప్పుడు ఏ మిషనో మాట్లాడుకుందాం.

ఇంపెల్లర్ పాటర్న్ మాత్రం ఈ వారమే మొదలుపెట్టు. షాపుకి వెళ్లేటప్పుడు వెర్నియర్ పట్టుకెళ్లు. 3 మిల్లీమీటర్లని అమ్మే షీటు కొన్నిసార్లు 2.7 ఉంటుంది, ఇరవై పొరలకు 6 మిల్లీమీటర్లు ఎక్కడికో పోతాయి. ముందు షీటు కొలిచి, ఆ మందంతోనే మోడల్‌ను కోయి. పాత ఇంపెల్లర్ ఫొటో నాకు పంపేటట్టయితే పక్కన స్కేలు పెట్టి తీయి. బ్లేడ్లు ఎన్నో, తిరిగేది ఎటువైపో నీ ఉత్తరంలో రాయలేదు.